సుబ్బరత్న కొండ దిగిన రోజు

మస్కట్‌లో కాపురమున్నవాళ్లకు చలికాలమంటే ఏసీ కట్టేసి కిటికీలు తెరుచుకునే కాలం. ఊరి నుంచి తెచ్చుకున్న స్వెట్టర్లు పెట్టె అడుగునే ఉండిపోతాయి. అదే దేశంలో, మా ఇంటికి మూడు గంటల దూరంలో, బకెట్లో నీళ్లు గడ్డకట్టే చోటు ఉందనీ, అక్కడ ఒక రాత్రి ఉండి వచ్చాననీ చెబితే మా బిల్డింగ్‌లో వాళ్లు ఇప్పటికీ సగమే నమ్ముతారు. అది రెండువేల తొమ్మిది మొదట్లో సంగతి. కొండ ఎక్కడం, దిగడం మాత్రమే ఐతే ఇంత రాయను. మాతో ఎక్కిన మనిషి ఒకరు, మాతో దిగిన మనిషి ఇంకొకరు ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

దార్సైట్‌లో మా బండి

మస్కట్‌లో మేముండే పేట దార్సైట్. ఆ ప్రయాణానికి మూలం మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న ఎస్‌యూవీ. చూడ్డానికి మామూలు కారుకు ఎత్తుమడమల చెప్పులు తొడిగినట్టుంటుంది. అచ్చం అలాంటిదే, ముందు చక్రాలకు మాత్రమే ఇంజన్ బలం అందేది, ఇంకాస్త చవగ్గా దొరికింది. మా వారు మాత్రం నాలుగు చక్రాలకూ బలం వెళ్లేదే కావాలని పట్టుబట్టారు. ఆఫీసుకీ కూరగాయల దుకాణానికీ తిరగడానికి అంత బలం ఎందుకని అందరూ అడిగారు. ఆయన ఓపిగ్గా చెప్పేవారు. మంచి రోడ్డు మీద ముందు చక్రాలే లాగుతాయి. అవి జారితే అప్పటికప్పుడు కొంత బలం వెనక చక్రాలకు మళ్లుతుంది. స్టీరింగ్ పక్కనున్న లాక్ బటన్ నొక్కితే, నెమ్మదిగా వెళ్లేటప్పుడు, నాలుగూ కలిసి లాగుతాయి. వినేవాళ్లు తలూపి లిఫ్ట్ ఎక్కేసేవారు. కొన్నాక నెలలు గడిచినా ఆ బటన్‌ను మేం ఒక్కసారీ నొక్కలేదు.

ఒకరోజు, మస్కట్‌కు గంట దూరంలో ఉన్న సమాయిల్ అనే ఊరి నుంచి నారాయణమ్మ ఫోన్ చేసింది. కడప జిల్లా మనిషి. అంతకుముందు మా ఎదురు ఫ్లాట్‌లో పనిచేసేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు తన డ్యూటీ ముగించుకుని వచ్చి, గంజి కాచి తాగించి వెళ్లేది. తర్వాత సమాయిల్‌లో ఒక ఒమానీ టీచరమ్మ ఇంట్లో చేరింది.

"అమ్మా, మీది నాలుగు చక్రాల బండంట గదా?" అంది.

అన్ని బండ్లకూ నాలుగే కదా అన్నాను. కొండ మీదికి పోలీసులు పోనిచ్చే బండి అని ఆమె ఉద్దేశం. జబల్ అఖ్దర్ అనే ఆ కొండ మీద ఒక పల్లెలో ఆమె చెల్లెలు సుబ్బరత్న పనిచేస్తోంది. నాలుగేళ్ల కిందట ఏజెంటుతో మాట్లాడి చెల్లెల్ని ఈ దేశానికి తీసుకొచ్చింది నారాయణమ్మే. వచ్చిన వారమే ఆ పిల్లను కొండ మీది ఇంటికి పంపించేశారు. అప్పటి నుంచీ ఇద్దరికీ ఫోన్లో మాటలే. ఒక్కసారి దిగి రమ్మంటే, మా వాళ్లు పంపరు అంటుంది. నేనే వస్తానంటే, వద్దంటుంది. ఇప్పుడు నారాయణమ్మ పని మానేసి, ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్లిపోతోంది.

"ఆ ఇల్లు ఎట్లాంటిదో ఏమో. నేనే తోలుకొచ్చినా దాన్ని. కంటితో సూడకుండా ఇడిసిపెట్టి యెట్ల పోయేది?" అంది.

మా వారికి చెప్పాను. ఆయన వెంటనే లేచి, టైర్లలో గాలి చూపించుకురావడానికి వెళ్లారు.

సమాయిల్

అప్పట్లో ఇక్కడ గురు, శుక్రవారాలు సెలవు. గురువారం పొద్దున్నే బయలుదేరి సమాయిల్ చేరేసరికి ఆకాశం మబ్బుపట్టి ఉంది. ఊరంతా ఖర్జూరపు తోటలు. వాటి మధ్య మూరెడు వెడల్పున్న కాలువలో నీళ్లు గలగలా పోతుంటాయి. నేను కోనసీమ కాలువల పక్కన పెరిగినదాన్ని. ఆ చిన్న కాలువను చూసి మొదట చిన్నబోయాను. ఆ నీళ్లు ఏ తోటకు ఎంతసేపు పారాలో ముత్తాతల కాలం నుంచీ వంతులున్నాయని, ఇప్పటికీ అలాగే నడుస్తుందని టీచరమ్మ చెప్పింది. మా వైపు నీటి వంతుల దగ్గర పగిలిన తలకాయలు గుర్తొచ్చి, ఆ కాలువ మీద గౌరవం కలిగింది.

టీచరమ్మ మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి పంపించే రకం కాదు. ఖర్జూరాలు, ఏలకుల వాసన వేసే కహ్వా కాఫీ అయ్యాకే కదలనిచ్చింది. కొండ మీద చలి మీకు తెలియదంటూ ఒక దళసరి కంబళి కూడా బండిలో పెట్టించింది. నారాయణమ్మ నీలం చీర మీద టీచరమ్మ భర్త పాత కోటు తొడుక్కుని వచ్చింది. చేతిలో ఒక సంచి. అందులో డబ్బా నిండా చెల్లెలి కోసం వండిన నిప్పట్లు, శనక్కాయల పొడి, చింతపండు. నిప్పట్లు మాకు పెట్టబోయి, మళ్లీ మూత బిగించి, "దానికే సాలవేమో" అని సిగ్గుపడింది.

దారిలో ఒక మలయాళీ టీ కొట్టు దగ్గర ఆగాం. వంద బైసలకు గ్లాసు నిండా టీ, పక్కన వేడి పరోటా. నారాయణమ్మ ఏమీ తినలేదు. చెల్లెలి పెళ్లప్పటి సంగతులూ, పెళ్లయిన రెండేళ్లకే ఆ పిల్ల మొగుడు పోయిన సంగతీ నాకు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఫోన్లో ఆ పిల్ల గొంతు ఈమధ్య ఎందుకో తగ్గిపోయిందనీ, అడిగినదానికి మాత్రమే జవాబిస్తోందనీ అంది. నా మీద కోపం పెట్టుకుందేమో అని మూడుసార్లు అంది.

కొండ కింద పోలీసు

కొండ మొదట్లో చెక్‌పోస్ట్ ఉంది. నాలుగు చక్రాలకూ బలం లేని బండిని పైకి పోనివ్వరు. పోలీసు కుర్రాడు మా బండిని చూసి, కాగితాలు చూసి, మళ్లీ బండిని చూశాడు. అతని అనుమానంలో తప్పు లేదు. రెండు రకాలూ బయటికి ఒక్కలాగే ఉంటాయి. "ఫోర్ వీల్?" అన్నాడు. మా వారు ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్న అది. దిగి, బటన్ చూపించి, అది నొక్కితే వెలిగే దీపం చూపించి, హిందీలో మొదటి నుంచీ వివరించబోయారు. ఆ అబ్బాయి సగంలోనే బండి వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద వంగి, వెనక చక్రాలకు వెళ్లే ఇరుసు ఉందో లేదో చూసుకున్నాడు. లేచి, ప్యాంటు దులుపుకుని, దిగేటప్పుడు చిన్న గేరులో దిగమని చెప్పి పంపాడు.

తారు రోడ్డే గాని నిట్టనిలువుగా ఉంది. బ్రేకులు పోయిన బండ్లు దూసుకెళ్లి ఆగడానికి పక్కన అక్కడక్కడా ఇసుక పోసిన దారులు కట్టారు. వాటిని చూసి మాకు ధైర్యం రావాలో భయం రావాలో తెలియలేదు. సగం ఎక్కాక వాన మొదలైంది. ఒమాన్‌లో వానంటే జనం బయటికి వచ్చి నిలబడతారు. ఇక్కడ నిలబడటానికి ఎవరూ లేరు. నారాయణమ్మ కళ్లు మూసుకుని గోవిందుణ్ని తలుచుకుంటోంది.

తారు రోడ్డు వదిలి పల్లెకు తిరిగే మట్టిదారి దగ్గర అసలు పరీక్ష వచ్చింది. ఎర్రగా తడిసిన ఎగుడు మీద ముందు చక్రాలు గిర్రున తిరిగి, బండి మూతి పక్కకు లాగింది. మా వారు ఆపి, లోపల ఏదో మంత్రం చదువుకుంటున్నట్టు పెదాలు కదిపి, బటన్ నొక్కారు. బండి ఒక్క క్షణం వణికింది. వెనక నుంచి ఎవరో భుజం పెట్టి తోసినట్టయి, నిదానంగా ఎక్కేసింది. ఆయన నావైపు చూడలేదు గాని, చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆయన మోచేతి మీద చెయ్యి వేశాను.

కొండ మీది ఇల్లు

ఆ పల్లె పేరు రాయను. నలభై గడపలుంటాయేమో. మెట్లు మెట్లుగా దానిమ్మ తోటలు, ఆకులు రాలి మోడుల్లా ఉన్నాయి. ఈసారి వద్దన్నా వస్తున్నానని అక్క ముందే ఫోన్లో చెప్పింది కాబట్టి, సుబ్బరత్న గుమ్మంలో నిలబడి ఉంది. పొడవాటి గౌను, తలకు చున్నీ, పైన ఉన్ని శాలువా. నాలుగేళ్ల తర్వాత కలిసిన అక్కచెల్లెళ్లు కౌగిలించుకుంటారని, ఏడుస్తారని నేను అనుకున్నాను.

"వచ్చినావా అక్కా."

"వచ్చినా."

తర్వాత సుబ్బరత్న వంగి అక్క తడి చెప్పులు విప్పి, వాటిని పొయ్యి దగ్గర పెట్టడానికి తీసుకెళ్లిపోయింది. అంతే.

ఆ ఇంటి యజమాని సాలిం, నడివయసు మనిషి. అతనికి దానిమ్మ తోట ఉంది. అతని తల్లికి కాళ్లు పనిచేయవు. కిటికీ పక్కన పరుపు మీద, చిన్న పిట్టలా, రెండు కంబళ్ల కింద కూర్చుని ఉంటుంది. సుబ్బరత్నకు ఆ ఇంట్లో పనంటే ముఖ్యంగా ఆమే. ఆ ముసలామె మా ముగ్గుర్నీ పరీక్షగా చూసి, నారాయణమ్మ దగ్గర చూపు ఆపింది. ముఖాల పోలిక పట్టేసిందేమో, "బింతీ" అంటూ, నా కూతురా అని, సుబ్బరత్నను పిలిచి, ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. తీసుకుపోవడానికి వచ్చామనుకుంది.

మన దగ్గర భోజనమయ్యాక పండు. ఇక్కడ ముందే పండ్లూ ఖర్జూరాలూ పెడతారు. తర్వాత అసలు తిండి. ఆ సాయంత్రం పలుచటి రొట్టెలు, తేనె, ఎండుమిరపకాయ వేసి ఉడికించిన శనగలు పెట్టారు. ఆ శనగలను వాళ్లు దంగో అంటారు. తాలింపు ఒక్కటి వేస్తే మన గుగ్గిళ్లే. సుబ్బరత్న ముందు ముసలామెకు రొట్టె పాలలో నానబెట్టి తినిపించింది. మూతి తుడిచి, తల కింద దిండు సర్ది, అప్పుడు మా దగ్గరికి వచ్చింది. నారాయణమ్మ ఆమెను కన్నార్పకుండా చూస్తోంది. చెల్లెలి మణికట్లు చూసింది. పడుకునే గది చూసింది. తలుపుకు గడియ లోపలి వైపే ఉందా అని కూడా చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. బాగుండే కొద్దీ ఆమె ముఖం చిన్నబోతోంది.

వంటింట్లో గిన్నెలు కడిగేటప్పుడు నేనూ ఉన్నాను. నారాయణమ్మ ఆగలేకపోయింది. ఇంత మంచోళ్లు నిన్ను ఒక్క పూట కిందికి పంపకుండా ఎందుకుంటారని అడిగింది. నామీద కోపంతోనే రాలేదని చెప్పెయ్యమంది.

సుబ్బరత్న చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "వాళ్లు పొమ్మంటానే ఉంటారక్కా. పండక్కీ పబ్బానికీ అడగతానే ఉంటారు. నేనే పోలేదు."

"ఎందుకు?"

"ఆ రోడ్డు."

తర్వాత ఒక్కొక్క మాటే చెప్పింది. మొదటిరోజు ఆమెను జీపులో పైకి తెచ్చేటప్పుడు కూడా వానే. ఒక మలుపులో, లోయ అడుగున పడిన బండి కనిపించింది. అందులో ఎవరూ లేరనీ, అది ఎప్పటిదో అనీ డ్రైవర్ చెప్పాడట గాని, అప్పటికి ఆమెకు భాష రాదు. అప్పటి నుంచీ ఆ మలుపు కలలోకి వస్తుంది. రెండుసార్లు కొండ దిగుదామని జీపెక్కి, అది కదలకముందే దిగిపోయింది. భయపడ్డానని అక్కకు చెప్పడానికి సిగ్గేసి, వాళ్లు పంపరని అబద్ధం చెప్పింది. ఒకసారి చెప్పాక ఇక మార్చలేకపోయింది. ఈ మధ్య ఫోన్ పెట్టేశాక ప్రతిసారీ ఏడుపొచ్చేదట.

నారాయణమ్మ చెల్లెలి తల మీది చున్నీ తీసి, జుట్టు చూసి, "నూనె పెట్టుకోవా నువ్వు?" అంది. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ.

గడ్డకట్టిన నీళ్లు

తెల్లారేసరికి వాన లేదు. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. వాకిట్లో బకెట్ మీద మంచు పలక తేలుతోంది. నేను వేలితో పొడిచి చూశాను. మా వారు బండి అద్దం మీద వేడినీళ్లు పోయబోతే సాలిం పరుగున వచ్చి ఆపాడు. అలా పోస్తే అద్దం పగులుతుందట. ఒక పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి చూపించాడు. ఇద్దరూ పిల్లల్లా చెరో పక్కా గీకారు.

బయలుదేరే ముందు సుబ్బరత్న శాలువా కప్పుకుని వచ్చి నా దగ్గర నిలబడింది. అక్కను సమాయిల్ దాకా సాగనంపుతానంది. సాలింకు సాయంత్రం కింద పని ఉందట, తిరిగి వచ్చేటప్పుడు తీసుకొస్తాడట. ఐతే ఒక షరతు.

"అమ్మా, మీరు తోలితే వస్తా."

నాకు లైసెన్స్ అయిదో ప్రయత్నంలో వచ్చింది. కొండ మీద ఎప్పుడూ నడపలేదు. ఆ మాటే చెప్పాను. సారు నా కన్నా బాగా నడుపుతారని కూడా చెప్పాను.

"మగోళ్లు బయపడినా చెప్పరమ్మా. మీకు బయమేస్తే నాకు చెప్తారు. అది తెలిస్తే నేను కూచోగలను."

మా వారి వైపు చూశాను. ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టారు. నాలుగు చక్రాల బలం ముందుకు పోవడానికే గాని, ఆగడానికి పెద్దగా సాయం చెయ్యదనీ, బ్రేకు మీద కాలేసి నొక్కిపట్టొద్దనీ, చిన్న గేరులో లాక్ వేసుకుని దిగితే ఇంజనే నాలుగు చక్రాలనూ పట్టి ఉంచుతుందనీ చెప్పారు. చెప్పి, వెళ్లి వెనక సీట్లో నారాయణమ్మ పక్కన కూర్చున్నారు. ముసలామెకు రాత్రికి వచ్చేస్తానని సుబ్బరత్న ఎన్నిసార్లు చెప్పిందో. ఆమె ఒక గుప్పెడు అక్రోటు కాయలు సుబ్బరత్న ఒళ్లో పోసి, సరే వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది.

దిగుడు

చేసే ప్రతి పనీ ముందుగా సుబ్బరత్నకు చెప్పాను. ఇప్పుడు గేరు తగ్గిస్తున్నా. ఇప్పుడు లాక్ వేస్తున్నా, దీపం చూడు. ఇప్పుడు ఎడమకు తిప్పుతున్నా. ఆమె డాష్‌బోర్డు మీద రెండు చేతులూ ఆనించి, ఆ దీపాన్నే చూస్తూ కూర్చుంది. ఇంజన్ మూలుగుతూ బండిని వెనక్కి పట్టి ఉంచింది. నడిచే మనిషి మమ్మల్ని దాటిపోయేంత నిదానంగా దిగాం.

తారు రోడ్డు ఇంకా చేరలేదు. కొండ నీడ పడే ఒక మలుపులో, రాత్రి ఊరిన నీళ్లు దారికి అడ్డంగా గడ్డకట్టి ఉన్నాయి. దగ్గరికి వచ్చేదాకా అది మంచని తెలియలేదు. తెలియగానే, చెప్పిందంతా మర్చిపోయి, బ్రేకు తొక్కేశాను. పెడల్ కాలి కింద గడగడలాడింది. బండి ఆగలేదు. పాకుడు రాతి మీద కాలు వేసినట్టు, చప్పుడు లేకుండా, అంచు వైపు జారింది. వెనక సీట్లో ఆయన పళ్లు బిగించి కూర్చున్నారని తర్వాత తెలిసింది.

కాలు తీసేశాను. స్టీరింగ్ కొండ వైపు కొంచెం తిప్పి పట్టుకున్నాను. జారింది, ఇంకా జారింది. ముందు చక్రం మంచు దాటి కంకరను తాకింది, వెంటనే వెనకది కూడా. నాలుగూ ఒకటొకటిగా నేలను పట్టుకోవడం సీటులోంచి నాకు తెలిసింది. బండి సర్దుకుని కొండ పక్కకు వచ్చి, అదే నిదానంతో నడవసాగింది.

సుబ్బరత్న నావైపు తిరిగి అడిగింది. "అమ్మా, బయమేసిందా?"

"వేసింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ వేస్తోంది."

ఆమె డాష్‌బోర్డు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒక అక్రోటు కాయ తీసి పగలగొట్టబోయి, పగలక, వెనక్కి అందించింది. మా వారు పంటితో కొరికి, పన్ను నొప్పి పుట్టి, పక్కన పెట్టేశారు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ నవ్వారు. తారు రోడ్డు మీద ఆ పాత మలుపు వచ్చినప్పుడు సుబ్బరత్న కళ్లు మూసుకోలేదు. లోయలోకి చూసింది. ఆ బండి లేదు. ఎప్పుడు తీశారో ఏమో. "ఇన్నేండ్లూ ఉత్తదానికి బయపడినానే" అంది, ఎవరితోనూ కాకుండా.

కొండ అడుగున బండి ఆపి, నేను దిగి నిలబడ్డాను. మా వారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. "శారదా, నా కన్నా బాగా దించావు" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా నడక గురించో వంట గురించో ఏదో ఒకటి మెచ్చుకుంటూనే ఉన్నారు గాని, ఈ మాట వేరు. మిగతా దారంతా నేనే నడిపాను.

మళ్లీ సమాయిల్

సమాయిల్‌లో సుబ్బరత్న ఒకే ఒక్కటి అడిగింది. అక్క ఇన్నేళ్లూ ఉన్న రూమ్ చూడాలని. టీచరమ్మ ఇంటి వెనక చిన్న గది అది. ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె, గోడకు వెంకటేశ్వరస్వామి పటం, కిటికీలోంచి ఖర్జూరపు తోట. సుబ్బరత్న గోడ తడిమి చూసింది. కిటికీ రెక్క తీసి, మళ్లీ వేసింది. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎక్కడ కూచునేదానివని అడిగింది. నారాయణమ్మ మంచం మీద కిటికీ పక్కన చోటు చూపించింది. సుబ్బరత్న అక్కడే కూర్చుని, తర్వాత అలాగే ఒరిగింది.

మేం టీచరమ్మ ఇచ్చిన కహ్వా తాగుతూ వరండాలో కూర్చున్నాం. చాలాసేపటికి నేను లోపలికి తొంగిచూశాను. సుబ్బరత్న గాఢంగా నిద్రపోతోంది. తల అక్క ఒళ్లో ఉంది. నారాయణమ్మ పక్కన కొబ్బరినూనె సీసా పెట్టుకుని, చెల్లెలి జుట్టు పాయలు పాయలుగా విడదీస్తోంది. నిప్పట్ల డబ్బా మూత తీసి ఉంది.

వెళ్లొస్తామని సైగ చేశాను. నారాయణమ్మ లేవబోయి, ఒళ్లో తల కదులుతుందని ఆగింది. నూనె చేతులు రెండూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. నేనూ పెట్టి, చప్పుడు కాకుండా తలుపు చేరవేసి వచ్చేశాను.